వంక పెట్టని సరుకు

కోటయ్య ఫోను చేసినప్పుడు నేను రేకు డబ్బాలు సప్లై చేసే మనిషితో బేరంలో ఉన్నాను. అతను చెప్పిన ధర విని నవ్వాను. డబ్బా మూత తీసి అంచు మీద గోరుతో గీకాను. "ఈ రేకేమిటండీ, కాగితంలా ఉంది" అన్నాను. రేకు శుభ్రంగా ఉంది. బెజవాడ గవర్నర్‌పేటలో నాన్న పెట్టిన నెయ్యి కొట్టులో పెరిగినదాన్ని. బాగున్న వస్తువును బాగుందంటే నోరు పడిపోతుందని మా ఇంట్లో నమ్మకం. ఆ నమ్మకంతోనే రెండో డబ్బా చేతిలోకి తీసుకుంటూ ఫోను ఎత్తాను.

"పెద్దాయన పోయారండీ" అన్నాడు కోటయ్య. మైలవరం అవతల ఒక పాత ద్రాక్షతోట బంగళాలో వంట చేసేవాడు అతను. "తెల్లారగట్ల. తమ్ముడుగారి అపార్టుమెంటులోనే. తోటకి తీసుకెళ్దామని నేనన్నాను గానీ, అక్కడిప్పుడు ఏముందండీ, రాళ్ళు పాతేశారు."

ఫోను పెట్టేసి డబ్బాల మనిషితో "సరే, మీరన్న ధరకే పంపండి" అన్నాను. అతను సంతోషించలేదు. కంగారు పడ్డాడు. "ఏమైందండీ, ఏదన్నా తేడా వచ్చిందా మన మధ్య?" అని అడిగాడు. మా బజారులో ఎవరైనా మొదటి మాటకే ఒప్పుకున్నారంటే ఎక్కడో ఏదో చెడిందని లెక్క.

గల్లా దగ్గర కూర్చున్న అమ్మకు చెప్పాను. "ఎవరు, తోట అన్నయ్యగారా?" అంది. అని ఊరుకుంది. అమ్మ ఊరుకోవడం మా కొట్టులో సరుకు నిండుకోవడం కన్నా అరుదు.

మొదటిసారి ఆ తోటకు వెళ్ళింది నాన్న పోయిన ఏడు. అమ్మకు నిద్ర పట్టడం లేదని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, మందులు తరువాత రాస్తాను, ముందు ఆ కొట్టు నుంచి దూరంగా ఎక్కడికైనా తీసుకెళ్ళమన్నారు. ఎవరో చెప్పారు, పాతకాలపు బంగళా, ద్రాక్ష పందిరి, ప్రశాంతంగా ఉంటుంది, వాళ్ళ వైను వాళ్ళే చేసుకుంటారు అని. అమ్మ వైను అన్న మాట దగ్గరే ఆగిపోయింది. బెజవాడలో ఆ మాట ఉన్న బోర్డు కింద ఎవరు నిలబడతారో ఆమెకు తెలుసు. "మీ నాన్న పోయి ఏడాది తిరగలేదు, నన్ను వైన్ షాపుకి తీసుకెళ్తావా?" అంది. టిఫిను, రెండు పూటలా భోజనం గది అద్దెలోనే కలిసి ఉంటాయని చెప్పాక కొంచెం మెత్తబడింది.

మామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారి. దాని చివర రాతి స్తంభాల మీద పందిరి, పందిరి వెనక పెంకుల బంగళా, బంగళా కింద నేలమాళిగ. పెద్దాయన తాతగారు ఎక్కడి నుంచో ద్రాక్ష కొమ్మలు తెచ్చి నాటారట. ఈ నేలలో బతకదని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నవ్వితే, మొండికేసి బతికించారట. వేసవి మొదట్లో కాయ కోసి, రసం తీసి, నేలమాళిగలో పెద్ద పెద్ద జాడీల్లో పోసి మూతలు మైనంతో మూసేవారు. తొలకరి పడ్డాక తెరిచేవారు. లైసెన్సు సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఈయన కాలం వచ్చేసరికి పందిరి సగానికి సగం ఎండిపోయింది. జాడీలు రెండు మిగిలాయి. బంగళాలో కొన్ని గదులు వచ్చేపోయేవాళ్ళకు ఇచ్చేవారు. గేటు దగ్గర బోర్డు లేదు. "బోర్డు పెడితే బిర్యానీ ఉందా అని అడుగుతారమ్మా" అనేవారు.

మేం కారు దిగేసరికి ఆయన పందిరి కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. పాదులున్న మట్టిలోకి చెప్పులతో ఎవరినీ రానిచ్చేవారు కాదు, తనతో సహా. పంచె, బనీను, మెడలో తాడుకి వేలాడే టార్చి. దగ్గరికొచ్చి నమస్కారం పెట్టలేదు. ముక్కు కొద్దిగా పైకెత్తి గాలి పీల్చారు.

"నెయ్యి కొట్టువాళ్ళా?"

అమ్మ మొహం ఎర్రబడింది. "తలంటు పోసుకుని బయల్దేరామండీ మేము."

"స్నానం సంగతి కాదమ్మా. తరాల సంగతి. గేదె నెయ్యి, కొంచెం కర్పూరం. కర్పూరం మీ వారి ఫొటో దగ్గరిది అయ్యుంటుంది."

అమ్మకు అప్పుడు కోపం రావాలో ఏడుపు రావాలో తెలియక, తనకు బాగా తెలిసిన పని మొదలుపెట్టింది. ముందు వరస కలిపింది. "అన్నయ్యగారూ" అంది. ఆ తరువాత గది చూసి పరుపు గట్టిగా ఉందంది, కిటికీ పడమటికి ఉందంది, కారు దారిలో నడుం విరిగిందంది. అవన్నీ అద్దె దించడానికి మెట్లు. ఆయన విని, "మీరెంతంటే అంతేనమ్మా" అని వెళ్ళిపోయారు. అమ్మ నీరుగారిపోయింది. ఎదుటివాడు లాగకపోతే తాడు పట్టుకున్నవాడు వెనక్కి పడతాడు. "ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఏదో ఉందే. పాములేమో" అని మంచం కింద వెతికించింది. నిద్ర పట్టడానికి వెళ్ళిన మనిషి మొదటి రాత్రంతా పాము కోసం మేలుకునే ఉంది. రెండో రోజు నుంచి మాత్రం, నాన్న పోయాక మొదటిసారి, మధ్యాహ్నాలు కూడా పడుకుంది.

ఆ తరువాత వీలు చిక్కినప్పుడల్లా వెళ్ళేవాళ్ళం. ఆయన మర్యాదస్తుడు కాదు. వైనులో సోడా అడిగిన కుర్రాళ్ళను "మందు షాపుకి వచ్చారా, మా ఇంటికి వచ్చారా?" అని అడిగి గ్లాసులు లాక్కునేవారు. భోజనం దగ్గర ఫోను చూసుకుంటే కూర వడ్డించకుండా ముందుకు వెళ్ళిపోయేవారు. అన్నిటినీ వాసన చూసేవారు. పేపరు చదివే ముందు, తువ్వాలుతో తుడుచుకునే ముందు, కోటయ్య తెచ్చిన కొత్తిమీర కట్ట, కొత్తగా వచ్చిన పనిమనిషి ఉతికిన దుప్పటి. "ఎల్లుండి వాన" అనేవారు, వచ్చేది. జాడీ మూత తీసిన రోజు మొదటి గ్లాసు ఆయన ముక్కు దగ్గర చాలాసేపు ఆగేది. తాగేవారు కాదు. "నోరు అబద్ధమాడుద్దమ్మా, చక్కెర వేస్తే చాలు దానికి. ముక్కుని కొనలేం" అనేవారు. ఆ మాట మా అమ్మకు నచ్చింది. ఆమె కూడా నెయ్యి చుక్క ముంజేతి వెనక రాసి, రుద్ది, వాసన చూసిగానీ డబ్బా దించనివ్వదు. "మనవాడే" అని తేల్చేసింది. మా ఇంట్లో అంతకన్నా పెద్ద బిరుదు లేదు.

ఆ ముక్కు మీద ఏం ఆధారపడి ఉందో కోటయ్య చెప్పాడు. తోట ఇద్దరన్నదమ్ములది. తమ్ముడు బెజవాడలో ఇళ్ళ స్థలాల వ్యాపారం. మైలవరం రోడ్డు పొడుగునా రాళ్ళు పాతిన ప్లాట్లు పెరుగుతూ వస్తుంటే, ఈ ఎండిన పందిరి ఎందుకని అడిగాడు. పెద్దమనుషుల ముందు కూర్చున్నారు. అక్కడ ఈయన ఒక మాట ఇచ్చారు. తాత పెట్టిన జాడీలో మంచి సరుకు పడినంతకాలం తోట జోలికి రావద్దు, ఏ ఏడు చెడితే ఆ ఏడు అమ్మేద్దాం. అప్పటి నుంచి తొలకరి తరువాత తమ్ముడు భార్యాబిడ్డలతో వచ్చి, జాడీ తెరిపించి, రుచి చూసి, "బాగుందన్నయ్యా" అని వెళ్ళేవాడట. "అంత మాట ఎందుకిచ్చారండీ?" అని నేనొకసారి అడిగాను. మాకైతే అలాంటి మాటలో నాలుగు సందులు ఉంటాయి. "నా ముక్కు ఉండగా చెడదుగదమ్మా" అన్నారు.

కరోనా వచ్చింది. ఆయనకూ వచ్చిందని, తగ్గిందని కోటయ్య ఫోనులో చెప్పాడు. రోజులు కుదుటపడ్డాక అమ్మా నేనూ మళ్ళీ వెళ్ళాం.

కారు దిగాం. ఆయన అలాగే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ముక్కు అలాగే కొద్దిగా ఎత్తారు. కానీ ఏమీ అనలేదు. "రండమ్మా, దారి బాగుందా" అన్నారు, అందరూ అనే మాట. అమ్మ చిన్నబుచ్చుకుంది. ఆ సాయంత్రం వరండాలో మాట్లాడుకుంటూ ఉంటే వంటింట్లో పాలు మాడాయి. పందిరి దాకా కొట్టింది ఆ వాసన. వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చున్న ఆయన మాత్రం ఏదో చెబుతూనే ఉన్నారు. కోటయ్య పరుగెత్తుకొచ్చి గిన్నె దించాడు. దించుతూ నా వైపు ఒక చూపు చూశాడు. నేను దాన్ని అర్థం చేసుకోలేదు. పాలు మాడినందుకు సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను.

మర్నాడు బయల్దేరే ముందు అమ్మ ఒక సీసా కావాలంది. తాగడానికి కాదు. రాత్రి నిద్రకు ముందు ఒక చెంచా, మందు లాగా. ఆయన మొదటి జాడీలోంచి గ్లాసులో కొంచెం తెచ్చి ఇచ్చారు. అమ్మ వాసన చూసింది. ఆ వాసన నాకూ తగిలింది. ఎండలో వేడెక్కిన పండులా, తేనెలా, ఎక్కడా వంక లేకుండా ఉంది. వంక లేదు కనక అమ్మ పెట్టింది.

"ఏమిటన్నయ్యగారూ, ఈసారి కాస్త తడిగుడ్డ వాసనేస్తోందే."

దీనికి జవాబు మా బజారులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "మీ ముక్కుకి జలుబేమోనమ్మా" అనాలి. ఆ తరువాత ఇద్దరూ చెరో రెండు అడుగులు వెనక్కి వేసి మధ్యలో కలుస్తారు. ఆయన ఆ మాట అనలేదు. గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు పెట్టుకున్నారు. తరువాత దాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. "అలాగా అమ్మా" అని లోపలికి వెళ్ళారు.

అమ్మ బేరం కోసం వరండాలో ఎదురుచూస్తూ ఉంది. నేను సామాను కార్లో పెట్టించి, చేతులు కడుక్కుందామని పెరటి వైపు వెళ్ళాను. పందిరి మొదట్లో మట్టి నల్లగా తడిసి, బుడగలు కడుతూ ఉంది. మొదటి జాడీ బోర్లించి ఉంది. కోటయ్య దాని పక్కన చతికిలబడి కూర్చుని ఉన్నాడు.

అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. చెప్పులతోనే పాదుల్లోకి వచ్చేసింది. ఆయన ఏమీ అనలేదు.

"అయ్యో అన్నయ్యగారూ, నేను బేరానికన్నానండీ. బంగారంలాంటి సరుకండీ అది. బేరానికి అంటాం, మేం ఎప్పుడూ అంటాం."

"తెలుసమ్మా" అన్నారాయన. "మీరు ఎప్పుడూ అంటారని నాకూ తెలుసు. కానీ ఇప్పుడు బేరానికన్నారో, నిజానికన్నారో నాకు తెలియాలిగదా. తెలియలేదు."

ఆ జ్వరం తగ్గిన రోజు నుంచి ఏ వాసనా లేదట. వస్తుంది, వస్తుంది అని డాక్టర్లు అంటూ వచ్చారు. మల్లెపూలు, కిరసనాయిలు, కర్పూరం ముందు పెట్టుకుని పొద్దున్నే కూర్చునేవారట. చేతికి గడియారం లేకపోయినా మణికట్టు చూసుకునేవాళ్ళలా ముక్కు మాత్రం ఎత్తుతూ ఉండేవారు. కోటయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి తెలిస్తే జాడీ చెడే దాకా ఆగడు. ఆ ముక్కు ఉందన్న నమ్మకంతోనే అన్న ఇచ్చిన మాట మీద ఆగి ఉన్నాడు.

"ఆ రెండోది చూసి చెప్పండమ్మా" అన్నారు. "తమ్ముడువాళ్ళు రేపు వస్తారు."

నేలమాళిగలోకి మేం ముగ్గురం దిగాం. ఆయన టార్చి పట్టుకున్నారు. అమ్మ జాడీ మీద వంగింది. ఆమె పెదవులు వంక వెతకడానికి కదలడం నేను చూశాను. అరవై ఏళ్ళ అలవాటు. కదిలి ఆగాయి. చాలా కష్టం మీద, పళ్ళు పీకించుకుంటున్న మనిషిలా, "ఏదో... ఫరవాలేదండీ" అంది.

ఆయన టార్చి నా మొహం మీదికి తిప్పారు. "ఫరవాలేదంటే ఎంతమ్మా?"

నేను చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో ఫరవాలేదంటే అంతకన్నా మంచిది దొరకదని. ఓ మోస్తరంటే బాగుందని. వాసనేస్తోంది, పలచగా ఉంది, పోయినసారి ఇలా లేదు, ఇవన్నీ కొనబోతున్నామని. నోరెత్తకుండా పక్కన పెడితే నాసిరకం అని. "మరి బాగుందని ఎప్పుడంటారు?" అన్నారు. "పనికిరాని వస్తువు ఎవరైనా ప్రేమగా ఇస్తే అంటామండీ" అన్నాను. ఆయన నవ్వడం నేను ఆ చీకట్లోనే విన్నాను. మర్నాడు తమ్ముడు రుచి చూసి, "బాగుందన్నయ్యా" అన్నాడట.

ఆ తరువాత ఏటా తొలకరి పడగానే కోటయ్య ఫోను చేసేవాడు. తమ్ముడుగారు రావడానికి ఒక రోజు ముందు నేను వెళ్ళేదాన్ని. కొట్టులో విశ్రాంతికి వెళ్తున్నానని చెప్పేదాన్ని. అది అబద్ధమూ కాదు. పగలంతా పందిరి కింద పడుకుని, కోటయ్య వంట తిని, సాయంత్రం ఒక గ్లాసు వాసన చూసి "కాస్త పలచగా ఉందండీ మామయ్యగారూ" అంటే, ఆయన మొహంలో బిగుసుకున్నదేదో వదులయ్యేది. "ఇంకా?" అనేవారు. "కొంచెం ఘాటు తగ్గింది." "ఇంకా?" వంకలు పెరిగేకొద్దీ ఆయనకు ధైర్యం వచ్చేది. ఊరికే ముక్కు అరువిస్తున్నందుకు గది అద్దె తగ్గించమని నేను అడిగేదాన్ని. "అద్దె తగ్గిస్తే నీ మాట మీద నమ్మకం పోద్దమ్మాయ్" అని పైసా తగ్గించేవారు కాదు. మనిషి చిక్కిపోతూ వచ్చారు. తిండి మీద మనసు పోయింది. నోట్లో ఏది పెట్టినా సున్నంలా ఉందనేవారు. పందిరిలో ఇంకో రెండు వరసలు ఎండాయి. అయినా ఏడు గడిచేది.

పోయినేడు కోతకు ముందు అకాల వాన పడింది. కాయ పగిలింది. తొలకరి తరువాత నేను వెళ్ళేసరికి ఆయన అప్పటికే జాడీ తెరిచి, గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. నాకోసం లేవలేదు. "చెప్పమ్మా" అని గ్లాసు చాపారు.

చేతిలోకి తీసుకోనక్కర్లేకపోయింది. మెట్ల దగ్గరే తెలిసింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నా బుర్ర బజారు బుర్ర, అది ఊరుకోదు. తమ్ముడికి వైను గురించి ఏమీ తెలియదు, మర్యాదకి గుటక వేసి వెళ్తాడు. కాస్త చక్కెర, కాస్త ఐసు. ఒక్క ఏడు గడిస్తే పైఏడు మంచి కాయ రావచ్చు. అందుకే గట్టిగా, నవ్వుతూ అన్నాను.

"చాలా బాగుందండీ మామయ్యగారూ. ఎప్పుడూ లేనంత బాగుంది."

ఆయన ముందుకు వంగారు. కోటయ్య వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"పులిసిందా?"

"లేదండీ. నిజంగా."

"అమ్మాయ్, ఇన్నేళ్ళలో మీ అమ్మ గానీ నువ్వు గానీ ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా బాగున్నాయనలేదు."

బేరంలో నేను ఓడిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి, ఎదుటివాడి తెలివి వల్ల. ఇలా నా నోటి వల్ల ఎప్పుడూ ఓడిపోలేదు.

"ఎలా ఉందో సరిగ్గా చెప్పు" అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

చెప్పాను. నానబెట్టి మర్చిపోయిన చింతపండులా ఉందని. దాని కింద తుప్పు. ఇంకా కింద, బాగా కిందకి వెళ్తే, పోయిన ఏళ్ళ తేనె వాసన కొంచెం ఉందని. అది నిజమే, కల్పించలేదు. ఆయన ఆ చివరి మాట దగ్గర తల ఊపి, చాలన్నట్టు చెయ్యి ఎత్తారు. కోటయ్యను ఫోను తెమ్మన్నారు.

"తమ్ముడూ, ఈ ఏడు చెడింది" అన్నారు ఫోనులో. "రేపు మీరు రానక్కర్లేదు."

అవతలి నుంచి ఆ మనిషి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. అంతకాలం ప్లాట్లు, ప్లాట్లు అన్నవాడు ఆ మాట వినగానే తడబడ్డాడు. వానల వల్ల గదన్నయ్యా, ఇంకో ఏడు చూద్దాంలే, పెద్దమనుషులకు నేను చెబుతాను, అంటున్నాడు. నేను కుర్చీ అంచుకు జరిగాను. మా ఇంట్లో ఎవరైనా ఆ మాటను రెండు చేతులా పట్టుకునేవాళ్ళు. ఒప్పుకోండి, ఒప్పుకోండి అని ఆయనకు సైగ చేశాను. ఆయన నా సైగ చూశారు.

"వద్దురా" అన్నారు. "వచ్చే ఏడు కూడా నాకు తెలియదు. కొలతలవాళ్ళను పంపించు."

ఫోను కోటయ్యకు ఇచ్చేసి, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, వరండా మెట్ల మీద నుంచే మట్టిలో పోశారు. తరువాత ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. ఆయన ఎప్పుడూ అందరూ తిన్నాకే కూర్చునేవారు. ఆ రోజు మాతో కూర్చున్నారు. అన్నం, దోసకాయ పప్పు. కోటయ్య తల ఎత్తలేదు. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా నన్ను చూశారు.

"పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైందండీ" అన్నాను.

ఉప్పు సరిగ్గా ఉంది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, కోటయ్యను ఇంకాస్త వడ్డించమన్నారు.